గర్భిణి కార్డులో నీళ్లకు గడి ఏదీ?

కనిగిరి దగ్గర ఒక పల్లెలో ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్లాను. ఏఎన్ఎం టేబుల్ మీద మాతా శిశు సంరక్షణ కార్డుల కట్ట ఉంది. పైనున్నది ఆరో నెల గర్భిణి కార్డు. బరువు, బీపీ, మూత్ర పరీక్ష, ఇచ్చిన ఐరన్ మాత్రలు అన్నీ నీలం ఇంకుతో వరసగా రాసి ఉన్నాయి. హీమోగ్లోబిన్ మాత్రం రెండు నెలల్లో 8.6 నుంచి 8.8కి వచ్చి ఆగింది.

"మాత్రలు వేసుకుంటోందా అమ్మా?" అని అడిగాను.

"వేసుకుంటోంది సార్. ఖాళీ అట్టలు కూడా తెచ్చి చూపిస్తుంది. అయినా రక్తం పట్టట్లేదు."

వాళ్లింట్లో వంట ఏ నీళ్లతో అంటే, బోరు నీళ్లతోనే అంది. ఆ ముక్క రాద్దామంటే కార్డులో గడి లేదు.

బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ మనకు కొత్త కాదు. మన దేశంలో ఎముకలను బిగదీసే ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించింది ఇక్కడే. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు ప్రచురించిన పరిశీలన అప్పటి నెల్లూరు జిల్లా జనం గురించే. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు కింద ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాక అందులోకి మారాయి. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడత జిల్లాల్లో నెల్లూరు కూడా ఉంది. దాదాపు తొంభై ఏళ్లుగా ఫ్లోరైడ్ అనగానే మన కళ్లముందు కదిలేవి గారపళ్లు, వంగిపోయిన నడుములు. కడుపుతో ఉన్న ఆడపిల్ల మాత్రం ఆ బొమ్మలో ఎప్పుడూ లేదు.

ఆమె ఎందుకు ఉండాలో చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రభుత్వం రోజుకో ఐరన్ మాత్ర చొప్పున 180 రోజులకు ఇస్తోంది. మాత్ర కడుపులోకి పోతే సరిపోదు, పేగు దాన్ని పీల్చుకోవాలి. ఫ్లోరైడ్ ఎక్కువైతే పేగు లోపలి పొర దెబ్బతిని ఇనుము సరిగా ఒంటబట్టదని ఢిల్లీలో ఫ్లోరోసిస్ మీద పరిశోధన చేసిన డాక్టర్ ఎ.కె. సుశీల చాలా ఏళ్లుగా చెబుతూ వచ్చారు. ఆమె బృందం రక్తహీనత ఉన్న గర్భిణులతో చేసిన అధ్యయనం 2010లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నవాళ్లను ఎంచుకుని, నీళ్లలోంచి, తిండిలోంచి ఫ్లోరైడ్ తీసేయించి, మంచి ఆహారం గురించి చెప్పారు. చాలామందికి హీమోగ్లోబిన్ పెరిగింది, తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు తగ్గారు. ఫ్లోరైడ్ తగ్గించడం, తిండి మార్చడం రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టి దేని వాటా ఎంతో ఆ ఒక్క అధ్యయనంతో తేల్చలేం. సరిగ్గా అందుకే అది ఢిల్లీలో ఆగిపోకుండా కనిగిరికి రావాలి. ఆ ప్రశ్న అడగాల్సిన చోటు ఇదే.

ఇప్పుడు ఇంట్లో జరిగేది చూడండి. "నీళ్లు కాచి చల్లార్చి తాగమ్మా" అని ఆశా కార్యకర్త చెబుతుంది. క్రిములకు అది మంచి మాటే. ఫ్లోరైడ్ మాత్రం మరిగిస్తే పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు పెరుగుతుంది. తాగడానికి క్యాన్ కొనుక్కునే ఇంట్లో కూడా అన్నం, పప్పు, పులుసు, టీ బోరు నీళ్లతోనే. క్యాన్ నీళ్లు వంటకు వాడటమంటే దుబారా చేసినట్టే లెక్క. వాటర్ ప్లాంటు అబ్బాయి గ్లాసులో టీడీఎస్ మీటరు ముంచి, "యాభై కూడా లేదు చూడండి" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది, ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పలేదు. మన ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అంత చిన్న అంకెను పట్టుకోవాలంటే ఫ్లోరైడ్‌కే ప్రత్యేకించిన పరీక్ష కావాలి.

నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పనిముట్లు తయారుచేసేవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) ఎప్పుడో తయారుచేసింది. దానికి నల్గొండ పేరే పెట్టారు. యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలు ఫ్లోరైడ్‌ను బాగా పట్టుకుంటాయి. అయితే కొన్నాళ్లకు అవి నిండిపోతాయి. క్షారంతో, ఆమ్లంతో కడిగితే తప్ప మళ్లీ పనిచేయవు. ఊళ్లో ట్యాంకు పెట్టిన రోజు కొబ్బరికాయ కొడతారు, ఫొటోలు దిగుతారు. గుళికలు కడిగే మనిషి జీతం ఎవరిస్తారో ఆ రోజు ఎవరూ అడగరు. ఆర్వో ప్లాంటుదీ ఇలాంటి చిక్కే. ఫ్లోరైడ్ చిక్కబడిన వ్యర్థజలం పక్క కాలువలోకి పోయి అక్కడే ఇంకుతుంది. వస్తువు తయారుచేయడంతో పరిశోధన పూర్తయిందనుకుంటే ఇలాగే ఉంటుంది. ఆ గుళికలు కడగడం కూడా పరిశోధనలో భాగమేనని నా గట్టి అభిప్రాయం.

ఇక ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపే మొక్కలేమైనా ఉన్నాయా అన్న సంగతి. వెలిగొండల్లో, నల్లమలలో ఔషధ మొక్కలకు లోటు లేదు. ఫ్లోరైడ్ విషయంలో నన్ను ఆకట్టుకున్నది మాత్రం మన వంటింటి చింతపండు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు ఇచ్చి చూస్తే, మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. 2002లో ఆ ఫలితాలు వచ్చాయి. చూసింది కొద్దిమంది మగపిల్లల్లో. దాన్ని పట్టుకుని గర్భిణికి చింతపండు మందుగా రాయడం తప్పు. మన పులుసు మరిగేది కూడా ఆ బోరు నీళ్లలోనే కదా. కానీ రెండు దశాబ్దాలు దాటినా ఈ పల్లెల ఆడవాళ్లలో దాన్ని ఎందుకు పరీక్షించకూడదు?

పనిముట్టు తెలిసినవాళ్లు ఒక ఊళ్లో, మొక్క తెలిసినవాళ్లు ఇంకో ఊళ్లో, కాన్పులు చేసేవాళ్లు మరోచోట ఉన్నారు. ఈ ముగ్గురూ కలవాల్సింది ఒకే ఇంటి గడప దగ్గర. ఒంగోలు, నెల్లూరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. ఆంధ్రకేసరి, విక్రమ సింహపురి యూనివర్సిటీలు ఉన్నాయి. ఒక్క మండలం తీసుకుంటే చాలు. గర్భిణి పేరు నమోదైన రోజే ఆమె ఇంటి వంట నీళ్లలో, ఆమె మూత్రంలో ఫ్లోరైడ్ చూడాలి. ఎక్కువుంటే కాన్పు దాకా వంటకు కూడా మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి. నెలనెలా హీమోగ్లోబిన్, పుట్టాక బిడ్డ బరువు రాసుకోవాలి. కొన్ని ఊళ్లలో ముందు, మిగతా ఊళ్లలో ఆరు నెలలకు మొదలుపెడితే తేడా తెలుస్తుంది, చివరికి ఎవరికీ అన్యాయం జరగదు. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల్లోంచి కృష్ణ నీళ్లు వస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది, నిజమే. ఆరో నెల గర్భిణికి ఉన్నది మూడు నెలలే.

నేను లేచేసరికి ఏఎన్ఎం ఆ కార్డు వెనక్కి తిప్పి, మూలన 'వంటకు బోరు' అని చిన్నగా రాసింది. తర్వాత రెండో కార్డు తీసింది. వాళ్లింట్లో ఏ నీళ్లో గుర్తు తెచ్చుకుంటూ కాసేపు పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది.