మైకు వింటోంది సరే, బదులు చెప్పేదెవరు?

మా అత్తయ్య నెల సరుకులన్నీ ఫోన్లోనే చెబుతుంది. "బాబూ, మొన్న పంపిన కందిపప్పు ఎంతకీ ఉడకలేదు. అది వద్దు, వేరేది పంపు. బెల్లం కిలో." అవతలి నుంచి కిరాణా కొట్టతను, "ఇవాళ్టి బెల్లం నల్లగా ఉందమ్మా. ఎల్లుండి కొత్త సరుకు దిగుతుంది, అప్పుడు పంపుతా" అంటాడు. పాతికేళ్లుగా ఇదే తంతు. వాయిస్ షాపింగ్ అన్న పేరు పుట్టకముందే నోటిమాటతో కొనడంలో ఆరితేరిన మనిషి ఆమె. మనవాళ్లకు అలవాటు లేక యాప్‌లో మైకు నొక్కడం లేదన్న వాదన అందుకే నాకు రుచించదు.

అలవాటున్న అమెరికాలోనూ ఈ వాయిస్ షాపింగ్ గట్టెక్కలేదు మరి. అలెక్సా అని పిలిస్తే బదులిచ్చే స్పీకరు అమెజాన్ ఎకో అక్కడ 2014 చివర్లో వచ్చింది, మన దగ్గరికి 2017లో. సోఫాలోంచి లేవకుండా జనం సరుకులు తెప్పించుకుంటారని అప్పట్లో తెగ ఊదరగొట్టారు. 2018లో ది ఇన్ఫర్మేషన్ అనే అమెరికా వార్తా సంస్థ ఒక లెక్క బయటపెట్టింది. అలెక్సా పరికరాలున్నవాళ్లలో ఆ ఏడాది దాంతో ఏదైనా కొన్నది 2 శాతం మంది. వాళ్లలోనూ 90 శాతం మంది మళ్లీ ఆ జోలికి పోలేదు. పాటలు పెట్టమన్నారు, వాతావరణం అడిగారు, అలారం పెట్టించుకున్నారు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తగ్గారు.

తగ్గక ఏం చేస్తారు? 2017 మొదట్లో డాలస్‌లో ఆరేళ్ల పాప అలెక్సాతో ముచ్చట్లాడితే ఇంటికి ఖరీదైన బొమ్మరిల్లు, డబ్బాడు కుకీలు వచ్చిపడ్డాయి. ఆ వార్త చదువుతూ శాన్‌డియాగో టీవీ యాంకర్ పాప అన్న మాటే మళ్లీ అన్నాడు. చూస్తున్నవాళ్ల ఇళ్లలోని పరికరాలు కూడా ఆర్డరు పెట్టడానికి సిద్ధమైపోయాయి!

మన దగ్గర అందరూ మొదట చెప్పే చిక్కు భాష. ఫ్లిప్‌కార్ట్ 2020లో సరుకుల కోసం వాయిస్ అసిస్టెంట్ తెచ్చినప్పుడు హిందీ, ఇంగ్లిష్‌లతో మొదలుపెట్టింది. తెలుగు అనేది ఒక్కటా? హైదరాబాదులో పల్లీలు, కోస్తాలో వేరుశెనగ గుళ్లు, కర్నూలు వైపు బుడ్డలు. ఒకచోట సొరకాయ, ఇంకోచోట ఆనపకాయ. గోరుచిక్కుడుకు సీమలో మటిక్కాయ, తెలంగాణలో గోకరకాయ. అయినా ఈ చిక్కు తీరేదే. మాటల నమూనాలు పోగుచేస్తే మెషీన్ నేర్చుకుంటుంది. మన భాషలను మెషీన్లకు నేర్పడానికి కేంద్రం 2022లో మొదలుపెట్టిన భాషిణి లాంటివి చేస్తున్న పని కూడా అలాంటిదే.

వినడం వచ్చాక మెషీన్ ఏం చెబుతుందన్నదే నా అనుమానం. తెర మీదైతే ఇరవై రకాల కందిపప్పు కనిపిస్తుంది, వేలితో కిందికి జరుపుకుంటూ ధరలు పోల్చుకుంటాం. చెవికి ఇరవై పేర్లు వినే ఓపిక ఉండదు. ఒకటో రెండో వినిపిస్తారు. అమెజాన్ తానే ఎంచి ఒక సరుకుకు వేసే 'అమెజాన్స్ ఛాయిస్' అనే ముద్ర 2015లో పుట్టిందే ఎకోలో చెప్పే ఆర్డర్ల కోసం. ఆ ఒక్క పేరు నాణ్యత చూసి పలికారా, డబ్బు తీసుకుని పలికారా? తెర మీద ప్రకటనైతే పక్కన చిన్న అక్షరాల్లోనైనా ఆ మాట రాసి ఉంటుంది. గొంతులో చిన్న అక్షరాలు ఉండవు కదా. కిరాణా కొట్టతనూ తనకు లాభమొచ్చే పప్పే అంటగట్టొచ్చు, కాదనను. కానీ అది ఉడక్కపోతే మర్నాడు అత్తయ్య చేతిలో తిట్లు తినేది అతనే.

మెషీన్ గొంతంటే మనకేమీ పడకపోవడం కాదు. టీ కొట్టు మీదున్న సౌండ్ బాక్సు చూడండి. "ఇరవై రూపాయలు అందాయి" అనగానే కొట్టతను తలెత్తకుండానే గ్లాసు అందిస్తాడు. ఫోన్ తీసి చూసుకోడు. ఎందుకంత నమ్మకం? ఆ పెట్టె జరిగిపోయిన సంగతి మాత్రమే చెబుతుంది, రూపాయల్లో చెబుతుంది, అమ్మజూపదు. షాపింగ్ యాప్‌లు దాన్ని చూసి నేర్చుకోవాలి. ఏ రకం, ఎంత బరువు, ఎంత ధర, అది ప్రకటనా కాదా అన్నీ పైకి చదవాలి. "వద్దు" అన్న ఒక్క మాటతో ఆర్డరు ఆగిపోవాలి. టిక్కు ముందే పెట్టి ఉన్న గడిని కొనుగోలుదారు ఒప్పుకోలుగా లెక్కించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. పరధ్యానంగా అన్న "ఊఁ"కి కూడా అదే వర్తించాలని నా వాదన.

యూపీఐ చెల్లింపుల్లో మాటతో నడిచే 'హలో యూపీఐ'ని 2023లో ప్రకటించారు. అందులోనూ పిన్ మాత్రం నోటితో చెప్పేది కాదు. నలుగురిలో పైకి అనలేనివి ఇంకా ఉన్నాయి. మందుల పేర్లు, లోదుస్తుల సైజులు.

పోయిన నెల అత్తయ్యకు యాప్‌లో మైకు ఎక్కడుందో చూపించాను. "కందిపప్పు" అంది, వచ్చిన ధర కళ్లద్దాలు సర్దుకుని చదువుకుంది. వెంటనే కిరాణా కొట్టుకు ఫోన్ కలిపి, "ఇక్కడెవరో కిలోకి 12 రూపాయలు తక్కువకే ఇస్తున్నారు, నువ్వేమంటావు బాబూ?" అంది.