తవ్వే ముందు పూడిక సంగతి

మన పేట పార్కులో వాననీటి కుంట తవ్వాలన్న ప్రతిపాదన మీద సంఘ సభ్యులు రెండు పక్షాలుగా చీలిపోయారు. పిల్లలు ఆడుకునే పచ్చిక పోతుందని, దోమలు పెరుగుతాయని, ఎవరైనా నీళ్లలో పడతారని ఒక పక్షం భయపడుతోంది. దిగువ వీధుల ఇళ్లలోకి నీరు రాకుండా ఉండాలంటే వేరే దారి లేదని రెండో పక్షం అంటోంది. నేను కుంటకు వ్యతిరేకిని కాను. అయితే దాని పూడిక ఎవరు తీస్తారో, ఎవరి డబ్బుతో తీస్తారో కాగితం మీదకు వచ్చేదాకా ఒప్పుకోకూడదన్నది నా అభిప్రాయం.

ముందు నీటి లెక్క చూద్దాం. ఒక హెక్టారు ఇంటికప్పులు, తారురోడ్ల మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే 250 ఘనపు మీటర్లు, అంటే రెండున్నర లక్షల లీటర్ల నీరు. ఇంకడానికి మట్టి లేదు గనుక దాదాపు అంతా పల్లానికి పారుతుంది. అలాంటి 20 హెక్టార్ల నీటిని మీటరు లోతున నిలపాలంటే అర హెక్టారు స్థలం కావాలి, గట్ల వాలు కలుపుకుంటే ఇంకా ఎక్కువ. కాబట్టి "చిన్న కుంటే కదా" అని తేల్చేయడానికి లేదు. ఆ నీరు ఎక్కడిదో కూడా ఒప్పుకోవాలి: రెండు మూడు కార్లు పట్టేలా ఇంటి ముందంతా కాంక్రీటు పోయించుకున్నది మనమే.

గట్టి వాన వెలిసిన వెంటనే పార్కు పల్లపు మూలకు వెళ్లి చూడండి. రోడ్డు కింది గొట్టం నుంచి బురదనీరు దూకుతూ ఉంటుంది. వాగు ఒడ్డు కోసుకుపోయి చెట్ల వేళ్లు గాలిలో వేలాడుతుంటాయి. ఆ దూకుడును ఆపడమే కుంట పని. వచ్చిన వరదను పట్టి ఉంచి, సన్నని తూము గుండా ఒకటి రెండు రోజుల్లో మెల్లగా వదులుతుంది. పట్టలేనిది అలుగు మీదుగా పోతుంది. ఈలోగా మట్టి, దానికి అంటుకున్న భాస్వరం, లోహాలు అడుగుకు చేరతాయి. ఏడాదంతా నీరు నిలిచే కుంట ఈ శుద్ధి బాగా చేస్తుంది, కానీ ఆ స్థలం ఇక ఆటకు పనికిరాదు. వాన తర్వాత ఎండిపోయే కుంట అంత బాగా శుద్ధి చేయలేకపోయినా, పొడి రోజుల్లో మైదానంగానే ఉంటుంది. మన పార్కులో చదునైన నేల అదొక్కటే కాబట్టి నా మొగ్గు రెండో దాని వైపే.

దోమల విషయం కూడా చివరికి నిర్వహణ దగ్గరికే వస్తుంది. వెచ్చని రోజుల్లో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. నీరు 72 గంటల్లో వెళ్లిపోతే దోమకు వ్యవధి చాలదు. తూముకు ఆకులు అడ్డుపడి అడుగున గుంటలు మిగిలితే మాత్రం అదే కుంట దోమల పెంపకానికి తొట్టె అవుతుంది. ఇక ప్రమాదాల మాటకొస్తే, గట్లు నిటారుగా కాక మెల్లని వాలుతో ఉండి అంచున లోతులేని మెట్టు ఉంటే జారినవారు తేలికగా బయటపడతారు. అసలు భయం వరద వేళ తూము నోటి దగ్గర ఉండే ఈడ్పుదే, అక్కడ ఊచల జాలీ తప్పనిసరి.

దోమలైనా, ప్రమాదమైనా అందరి కంటా పడతాయి. పూడిక అలా కాదు, ఏటికేడు కంటికి కనబడకుండా పెరుగుతుంది. నీరు వచ్చే చోట చిన్న మడుగు విడిగా కట్టి ఇసుకను అక్కడే ఆపితే కొన్నేళ్లకోసారి దాన్ని ఎత్తిపోస్తే సరిపోతుంది. లేకపోతే మొత్తం కుంట పూడుతుంది. పైగా వాహనాల స్థలాలకు పూసే తారు రసాయనాలు చేరిన బురదను పరీక్షించకుండా ఎక్కడపడితే అక్కడ పారబోయలేము. తీయడం కన్నా దాన్ని వదిలించుకోవడానికే ఎక్కువ ఖర్చు కావచ్చు. తవ్వకానికి నిధులు తెచ్చినవారు ఇంత దూరం ఆలోచించారా అన్నది నా సందేహం.

పార్కు ముందు అతికించిన నమూనా పటంలో బెంచీలు, రెల్లు, చివరికి బాతులు కూడా ఉన్నాయి. పూడిక తీసే యంత్రం మడుగులోకి దిగే దారి మాత్రం కనబడలేదు. ఇప్పుడు దారి వదలకపోతే పదేళ్ల తర్వాత చెట్లు కొట్టి దారి వేయాల్సి వస్తుంది. అభిప్రాయ సేకరణకు వెళ్లే సభ్యులు అనుకూలమో ప్రతికూలమో చెప్పే ముందు ఆ దారిని పటంలో చూపించమని, పూడికతీతకు ఏటా ఎంత కేటాయిస్తారో ఒప్పందంలో రాయమని అడగాలని కోరుతున్నాను.