కర్సర్లు చుట్టూ తిరుగుతుంటే గీసేదెలా?

డిజైనర్లు మొదటి గీత నుంచే ఒకే ఫైల్లో కలిసి పని చేయాలని ఒక వ్యాసంలో చదివాను. దాంతో నేను సగమే ఒప్పుకుంటాను. మాది విజయనగరంలో చిన్న స్టార్టప్, డిజైన్ టీమ్ అంటే నలుగురం. ఒకే ఫైల్లో అందరూ ఒకేసారి గీయగలిగే డిజైన్ యాప్ ఫిగ్మాలో నేనొక స్క్రీన్ గీస్తుంటే మిగతా ముగ్గురి కర్సర్లు పేర్లతో సహా ఈగల్లా చుట్టూ తిరుగుతాయి. ఎవరూ ఏమీ అనరు, అయినా చెయ్యి బిగుసుకుపోతుంది. 1958లోనే యేల్ యూనివర్సిటీ ప్రయోగంలో, నలుగురు కలిసి కూర్చుని చెప్పిన ఐడియాల కంటే నలుగురు విడివిడిగా ఇచ్చినవి కలిపితే ఎక్కువ తేలాయి.

అలాగని తలుపేసుకుని కూర్చుంటే? అదీ చూశాను. పోయినేడాది నాలుగు రోజులు ఎవరికీ చూపించకుండా ఆర్డర్ స్క్రీన్ చేశాను. ఇంగ్లీషులో 'క్యాన్సిల్' అని పెడితే బటన్ ముద్దుగా కుదిరింది. తెలుగులో 'ఆర్డర్ రద్దు చేయండి' అని వేసేసరికి చివరి అక్షరం తెగిపోయి 'ఆర్డర్ రద్దు చేయం' అని మిగిలింది! కస్టమర్‌కి ఇంతకంటే మర్యాదగా ఎవరు చెబుతారు? మా దగ్గర తెలుగు రాసే అమ్మాయి నవ్వాపుకుని, "మొదటి రోజే చూపిస్తే సరిపోయేది కదా అన్నా" అంది.

ఇప్పుడు ఉదయం 11 దాకా ఎవరి ఫైల్ వాళ్లది, కాల్స్ లేవు. తర్వాత అరగంట, సగం ఉడికిందైనా సరే అందరి ముందూ పెట్టాల్సిందే. గంటస్తంభం దగ్గర టీకి వెళ్తే పని మాట ఎత్తకూడదని కూడా రూల్ పెట్టుకున్నాం. దాన్ని మాత్రం ఒక్కరోజూ పాటించలేదు.