మిషన్ బయటిదైతే వాచీ వాళ్లది కాదా?
మూవ్‌మెంట్, అంటే వాచీ లోపల ముళ్లని తిప్పే యంత్రం, అదే మన రిపేరు షాపుల్లో మిషన్ అంటారు, దాన్ని సొంతంగా తయారు చేయని కంపెనీలవాళ్లు వాచీ పై కేసు మీద పేరు చెక్కుకుని అమ్ముకునే వ్యాపారులే అని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. ఒప్పుకోను. జర్మనీలో గ్లాస్‌హ్యుట్టే అనే చిన్న ఊళ్లో నోమోస్ అనే వాచీల కంపెనీ మొదలైంది 1990లో, బెర్లిన్ గోడ కూలిన కొద్ది నెలలకే. 1992లో వచ్చిన వాళ్ల టాంజెంటె వాచీలో ఉన్నది కొని తెచ్చుకున్న స్విస్ మిషనే. సొంత మిషన్ 2005లో గానీ రాలేదు. మరి ఆ పదమూడేళ్లూ జనం దేన్ని చూసి కొన్నట్టు? తెల్లటి డయలు, సన్నటి అంకెలు, కింద సెకన్లకి విడిగా చిన్న చక్రం, పట్టీ తగిలించే దగ్గర మడతపెట్టినట్టు వంగిన కొమ్ములు. అదంతా వాళ్ల పనితనమే. పైగా ఎక్కువ వాచీల్లో వాడే మిషన్ అయితే కొనేవాడికి ఒక లాభం ఉంది, పార్టులు తేలిగ్గా దొరుకుతాయి. మా నాన్నగారి హెచ్‌ఎంటి జనతా ఆగిపోతే, బస్టాండు పక్కన డబ్బా కొట్టు పెద్దాయన కంటికి అద్దం తగిలించుకుని, వెనక మూత తీసి చూసి, "స్ప్రింగు పోయిందండీ" అని పాత డబ్బాలోంచి ఒకటి వెతికి వేశారు. అరగంట పని. నేను ముచ్చటపడి కొన్న ఒక చిన్న కంపెనీ వాచీ మాత్రం, సొంత మిషన్ అని గొప్పగా చెప్పి అమ్మారు, ఏడాదిన్నరగా బీరువాలోనే ఉంది. ఆ కంపెనీ మూతపడింది, దాని పార్టు ఇంకెక్కడా దొరకదు.