పైకి వెళ్లేకొద్దీ మెత్తబడే మాట

1990 జనవరి 25 రాత్రి. బొగోటాలో బయల్దేరి మెడెలిన్ మీదుగా న్యూయార్క్ వస్తున్న అవియాంకా విమాన సంస్థ వారి 52వ నంబరు విమానం, వాతావరణం బాగాలేక గంటకు పైగా గాల్లోనే చక్కర్లు కొట్టింది. ఇంధనం అడుగంటుతోంది. ఆ సంగతి కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. నేల మీద నుంచి విమానాలకు దారి చూపే కంట్రోలర్లకు కూడా చెప్పారు. కాకపోతే ‘మాకు ప్రయారిటీ కావాలి’ అన్నారు. మొదటిసారి దిగడం కుదరక విమానాన్ని మళ్లీ పైకి లేపాక, ఎమర్జెన్సీలో ఉన్నామని చెప్పమన్నారు కెప్టెన్. కోపైలట్ రేడియో అందుకుని, ఏ దిక్కుకు తిరగాలో కంట్రోలర్ చెప్పిన అంకెను తిరిగి వినిపించి, ఇంకోసారి ప్రయత్నిస్తామని చెప్పి, చివర్లో ఇంధనం అయిపోతోందని కలిపారు. చెప్పావా అని కెప్టెన్ అడిగితే చెప్పానన్నారు. కాసేపటికి కంట్రోలరే అడిగారు: మిమ్మల్ని 15 మైళ్లు ఈశాన్యానికి తీసుకెళ్లి వెనక్కి తిప్పుతాను, మీ ఇంధనానికి ఇబ్బంది లేదు కదా? ‘లేదనుకుంటా, థాంక్యూ వెరీ మచ్’ అన్న అర్థంలో జవాబు వెళ్లింది. కొద్ది నిమిషాల్లో ఇంజిన్లు ఆగిపోయాయి. విమానం లాంగ్ ఐలాండ్‌లో కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. ఎమర్జెన్సీ అన్న ప్రకటన చివరిదాకా రేడియోలో వినిపించనే లేదు.

కోపైలట్ అబద్ధం ఆడలేదు. ఇంధనం అయిపోతోందని ఆయన నిజంగానే చెప్పారు. ఆయన లెక్కలో విషయం అవతలికి చేరిపోయింది. కంట్రోలర్ లెక్కలో అది, దిగడానికి వరుసలో ఉన్న ఏ విమానమైనా అనగలిగే మాట. ఇంగ్లిష్ సరిగా రాకపోవడం వల్లే ఇదంతా అని తేల్చేద్దామంటే, ‘ఎమర్జెన్సీ’ అన్న మాట స్పానిష్‌లోనూ దాదాపు అలాగే ఉంటుంది. పదం తెలియక ఆగలేదు. ఆ పదం పలికితే పరిస్థితి అంత తీవ్రమైనదని అందరి ముందూ ఒప్పుకున్నట్టవుతుంది. అక్కడే నోరు వెనకాడుతుంది. ఇది నా అభిప్రాయమే. అయితే ఇరవై మంది కూర్చునే ఏ ఆఫీసులోనైనా వారం రోజులు చెవి ఒగ్గి వింటే, మీరూ ఇదే అంటారనుకుంటున్నాను.

ఆఫీసులో ఎలా మాట్లాడాలో నేర్పే శిక్షణలు కోకొల్లలు. వాటిలో ఎక్కువ భాగం గొంతు, ఉచ్చారణ, నిలబడే తీరు చుట్టూ తిరుగుతాయి. ‘మాటల వల్ల తెలిసేది 7 శాతమే, మిగతా 93 శాతం గొంతు, హావభావాలే’ అన్న వాక్యం ఏదో ఒక స్లయిడ్‌లో కనబడి తీరుతుంది. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన అంకెలవి. పలికిన పదం ఒక భావాన్ని, గొంతో ముఖమో మరో భావాన్ని చూపితే, ఎదుటివాళ్లకు మనమంటే ఇష్టమా కాదా అన్నది దేన్నిబట్టి అంచనా వేస్తామన్న చిన్న ప్రశ్నకు ఆయన వెతికిన జవాబు అది. సర్వర్ ఎందుకు పడిపోయిందో, గడువు ఎందుకు తప్పుతోందో చెప్పే మాటకు ఆ అంకెలతో సంబంధం లేదు. ఈ విషయం మీద నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. మాటకు 7 శాతమే విలువని నమ్మినవాడు మాటను ఎంచుకోవడానికి సమయం కేటాయించడు.

మాట పైకి ఎలా వెళుతుందో చూడండి. పరీక్షించే అమ్మాయి ఒక తప్పు పట్టుకుంది. ‘ఈ లెక్క తప్పు వస్తోంది, ఇలాగే విడుదల చేస్తే వినియోగదారులకు తప్పు బిల్లులు వెళతాయి’ అని టీమ్ లీడ్‌కు చెప్పింది. ఆయన మేనేజర్‌తో ‘బిల్లింగ్‌లో ఒక ఇష్యూ ఉంది, చూస్తున్నాం’ అన్నాడు. మేనేజర్ తన పైవాళ్లతో ‘చిన్న చిన్నవి తప్ప అంతా సవ్యంగానే ఉంది’ అన్నారు. ఆ పైన ఉన్న పట్టికలో ఆ ప్రాజెక్టు గడి ఆకుపచ్చగా ఉంది. ముగ్గురిలో ఒక్కరూ పచ్చి అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కరూ ఒక్కొక్క ముల్లు తీసి పంపారు. చేదు వార్త మోయడానికి మనిషి సహజంగానే జంకుతాడని సిడ్నీ రోజెన్, ఏబ్రహామ్ టెసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970లోనే ప్రయోగం చేసి చూపించారు. ఆ వార్తకూ తనకూ ఏ సంబంధం లేకపోయినా సరే, మనిషి దాన్ని నొక్కేయడానికే చూస్తాడు. జీతం, ప్రమోషన్ చేతిలో ఉన్న మనిషికి చెప్పాల్సి వస్తే ఇక చెప్పేదేముంది?

దీనికి మన భాష కూడా చక్కగా సహకరిస్తుంది. ‘పని ఆలస్యం అవుతోంది’, ‘అప్రూవల్ రాలేదు’, ‘ఆ మెయిల్ మిస్ అయింది’. ఈ వాక్యాల్లో ఎక్కడా మనిషి లేడు. పని తనంతట తానే ఆలస్యమవుతుంది, మెయిల్ తనంతట తానే తప్పిపోతుంది. ‘చూద్దాం’ అంటే కుదరదని అర్థం. ‘ట్రై చేస్తాం’ అంటే నమ్మకం లేదని అర్థం. ‘ఆల్మోస్ట్ అయిపోయింది’ అంటే ఎంత మిగిలిందో అడగొద్దని అర్థం. ఇంట్లో, స్నేహితుల మధ్య ఈ మెత్తదనం మర్యాదే. అక్కడ ఎదుటివాళ్లకు మన గొంతు తెలుసు, మన చరిత్ర తెలుసు, అర్థం చేసుకుంటారు. మన గొంతు తెలియని మనిషి ఆ మాటను నమ్మి వచ్చే వారానికి ప్రణాళిక వేసుకున్నప్పుడు, అదే మర్యాద ఆయనకు ద్రోహమవుతుంది.

మరి కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడాలా? సూటిగా మాట్లాడటాన్నీ కటువుగా మాట్లాడటాన్నీ మనం తరచూ ఒకే గాటన కట్టేస్తాం. ‘ఈ ప్లాన్ వేసినవాళ్లకు బుర్ర లేదు’ అన్న మాటలో కటుత్వం ఉంది, సమాచారం లేదు. ‘ఈ పనికి 12 రోజులు పడుతుంది, మన చేతిలో 7 ఉన్నాయి. రిపోర్టుల భాగాన్ని తర్వాతి విడతకు వదిలేస్తే సరిపోతుంది. ఏం చేయమంటారో రేపు సాయంత్రంలోగా చెప్పండి’ అన్న మాటలో ఒక్క పరుష పదం లేదు, కానీ తప్పించుకోవడానికి సందూ లేదు. ఆస్పత్రుల్లో రోగి పరిస్థితి విషమిస్తున్నప్పుడు నర్సు వైద్యుడికి ఫోన్ చేసి చెప్పే పద్ధతి ఒకటుంది. ముందు ఇప్పుడేం జరుగుతోందో, తర్వాత దాని వెనకటి సంగతి, ఆపైన తన అంచనా, చివరికి మీరేం చేయాలో. అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల్లో పుట్టిన ఈ క్రమం తర్వాత ఆస్పత్రులకు చేరింది. నాకు అందులో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది మూడో మెట్టు. ‘నా అంచనా ఇది’ అనే హక్కును కింది స్థాయి మనిషికి అది ముందే రాసిచ్చింది. ఆ హక్కు లేనిచోట నర్సు అంకెలు మాత్రమే చదివి, మిగతాది వైద్యుడే ఊహించుకోవాలని ఎదురుచూస్తుంది.

ఇంతవరకూ చెప్పింది వింటే తప్పంతా కింద ఉన్నవాళ్లదే అనిపించవచ్చు. కాదు. సూటిగా చెప్పినా వినని పెద్దలున్న చోట ఏమవుతుందో ప్రపంచం 1986లో చూసింది. చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రయోగానికి ముందురోజు, జనవరి 27 రాత్రి, రాకెట్ బూస్టర్లు తయారుచేసిన మోర్టన్ థియోకోల్ ఇంజినీర్లు నాసాతో టెలికాన్ఫరెన్సులో కూర్చుని విషయం తేటతెల్లంగా చెప్పారు. చలికి రబ్బరు సీళ్లు బిగుసుకుపోతాయి, 53 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో ప్రయోగించవద్దన్నారు. వాళ్లలో ఒకరైన రోజర్ బోజలీ అంతకు ఆరు నెలల ముందే ఈ ప్రమాదం గురించి మెమో రాసి పెట్టారు కూడా. నసగలేదు, నాన్చలేదు. నాసా వైపు నుంచి అభ్యంతరం రాగానే థియోకోల్ పెద్దలు కాసేపు విరామం అడిగి తమలో తాము మాట్లాడుకున్నారు. ఇంజినీరు టోపీ తీసి మేనేజర్ టోపీ పెట్టుకోమని ఇంజినీరింగ్ విభాగాధిపతికి సీనియర్ మేనేజర్ ఒకరు చెప్పింది అప్పుడే. నిర్ణయం తిరగబడింది. మర్నాడు ప్రయోగించిన 73 సెకన్లకు నౌక ముక్కలైంది, ఏడుగురు మరణించారు.

ఆ రాత్రి నిరూపించే భారం చేతులు మారింది. ప్రయోగం క్షేమమని రుజువు చేయాల్సిన చోట, క్షేమం కాదని రుజువు చేయండని ఇంజినీర్లను అడిగినట్టయిందని బోజలీ తర్వాత చెప్పారు. ప్రతి ఆఫీసులోనూ ఇది చిన్న రూపంలో రోజూ జరుగుతుంది. ఒకరొచ్చి ‘ఇది నడవదేమో’ అంటారు. ‘డేటా ఉందా?’ అంటారు మేనేజర్. వినడానికి ఎంతో శాస్త్రీయంగా ఉండే ప్రశ్న. కానీ ‘నడుస్తుంది’ అన్నవాడిని ఆయన ఏనాడూ డేటా అడగలేదు. ఆ తేడాను టీమ్‌లో అందరూ గమనిస్తారు. వచ్చేసారి అనుమానం వచ్చిన మనిషి నోరు తెరిచే ముందు ఫైలు నిండా ఆధారాలు పోగేసుకోవాలనుకుంటాడు. అవి పోగయ్యేసరికి ఆలస్యం అయిపోయి ఉంటుంది.

హార్వర్డ్‌కు చెందిన ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆస్పత్రి బృందాల మీద పరిశోధన చేస్తూ, బాగా పనిచేసే బృందాల్లో తప్పులు తక్కువ ఉంటాయని ఆశించారు. లెక్క తిరగబడింది. మంచి బృందాల్లోనే తప్పులు ఎక్కువ నమోదయ్యాయి. తరచి చూస్తే, అక్కడివాళ్లు తప్పులను దాచకుండా మాట్లాడుకుంటున్నారని తేలింది. మాట్లాడితే చిన్నబోమన్న ఆ ధీమా గురించే ఆమె 1999లో రాసిన పరిశోధన పత్రం తర్వాత చాలా పేరు పొందింది. కాబట్టి ఒక మేనేజర్ ‘నా టీమ్‌లో సమస్యలేవీ నా దాకా రావు’ అని సంతోషంగా చెబితే నాకు భయం వేస్తుంది.

‘ఏమైనా సమస్యలున్నాయా?’ అని మీటింగ్ చివర్లో, లాప్‌టాప్ మూస్తూ అడగడం అడగడం కాదు. దానికి ‘లేవు’ అన్న జవాబు ఒక్కటే పడుతుంది. ‘ఈ ప్లాన్ దెబ్బతింటే ముందు ఎక్కడ దెబ్బతింటుంది?’ అని అడిగి, పది సెకన్లు నోరు మూసుకుని కూర్చుంటే ఎవరో ఒకరు మాట్లాడతారు. అలా మాట్లాడిన మొదటి మనిషికి మేనేజర్ ఏం జవాబిస్తారన్నదాన్ని బట్టి మిగతావాళ్లు ఏడాది పొడవునా ఎలా మెలగాలో నిర్ణయించుకుంటారు. ఆ క్షణంలో కనుబొమలు ముడిపడినా చాలు.

తోటివాళ్లతో మాట్లాడటంలో చిక్కు వేరు. అక్కడ భయం తక్కువ, ‘వాడికి తెలిసే ఉంటుందిలే’ అన్న నమ్మకం ఎక్కువ. ఎలిజబెత్ న్యూటన్ 1990లో స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ప్రయోగం నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. కొందరిని తెలిసిన పాట ఒకటి ఎంచుకుని బల్ల మీద వేళ్లతో దరువు వేయమన్నారు. ఎదుట కూర్చున్నవాళ్లు పాటేదో చెప్పాలి. సగం మంది పోల్చుకుంటారని దరువు వేసినవాళ్లు లెక్క కట్టారు. 120 పాటల్లో పోల్చుకున్నవి మూడు. వేస్తున్నవాడి తలలో వాద్యాలతో సహా పాట మోగుతుంటుంది. వింటున్నవాడికి టకటక తప్ప ఏమీ లేదు. ‘దాని సంగతి కాస్త చూడండి’ అని మనం పంపే రెండు మాటల మెసేజ్ కూడా అంతే. ఏ దాని సంగతి, ఎప్పటికి, చూసి ఏం చేయాలి? మన తలలో అన్నీ ఉన్నాయి. మెయిల్‌లో పలికే గొంతు విషయంలోనూ ఇదే భ్రమ. సరదాగా రాసింది సరదాగానే చేరుతుందని అనుకుంటాం, చాలాసార్లు చేరదు. అలాంటి చోట ఫోన్ ఎత్తడం మేలు.

కంట్రోలర్ చెప్పిన అంకెను పైలట్ తిరిగి వినిపిస్తాడు. సహోద్యోగి పని ఒప్పగించినప్పుడు ‘అంటే నేను చేయాల్సింది ఇదీ, బుధవారానికీ, కదా?’ అని తిరిగి వినిపించడానికి పది సెకన్లు పట్టదు. నామోషీ అనుకుని మానేస్తాం. అయితే ఆ రాత్రి అవియాంకా కోపైలట్ అంకెను తిరిగి సరిగ్గానే వినిపించారు. అసలు మాట దాని తోకకు కట్టి వదిలారు. అందుకే ముఖ్యమైన మాటకు వాక్యంలో మొదటి చోటు ఇవ్వాలని నేను పట్టుబడతాను. నాలుగు పేరాల మెయిల్‌లో మూడో పేరా చివర దాచిన చెడ్డ వార్త, చెప్పని వార్త కిందే లెక్క.

కొన్నేళ్ల క్రితం ఒక చిన్న బృందం బాధ్యత నాది. గడువుకు రెండు వారాల ముందు మా టీమ్‌లో ఒకామె ‘కొంచెం టైట్‌గా ఉందండీ’ అంది. నేను ‘మీరు చేసేస్తారులెండి’ అన్నాను, మెచ్చుకోలుగానే. ఆమె నవ్వి వెళ్లిపోయింది. గడువు రోజున సగం పని మిగిలింది. ఆ రెండు వారాలూ రాత్రుళ్లు కూర్చుని ఆమె ఒక్కతే మోసిందని తర్వాత తెలిసి నాకు చాలా బాధ కలిగింది. ఆమె చెప్పింది, నేను వినలేదు. ‘ఎన్ని రోజులు తక్కువ?’ అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది.

2012లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన ప్రమాణాల్లో ఇంధనం గురించి రెండు మాటలను ఖాయం చేసింది. ‘మినిమమ్ ఫ్యూయల్’ అంటే ఇక ఆలస్యమైతే ఇబ్బందని. ‘మేడే ఫ్యూయల్’ అంటే ఎమర్జెన్సీ అని. ఎవరూ ఊహించుకోనక్కర్లేదు. మేమూ ఆ పని చేశాం. ‘టైట్’ అన్న మాట మానేసి రెండే మాటలు పెట్టుకున్నాం. ‘జారుతోంది’ అంటే తేదీ మారవచ్చు, ఎంతో చెప్పాలి. ‘ఆగిపోయాం’ అంటే నేను నా చేతిలో పని వదిలి రావాలి. మొదటి నెల రెండో మాట ఎవరూ వాడలేదు. ఐదో వారంలో ఒక రాత్రి ఆమె దగ్గర నుంచే మెసేజ్ వచ్చింది: ‘ఆగిపోయాం. గురువారం కుదరదు. రేపు పొద్దున మీ అరగంట కావాలి.’