"జేసన్ ఫైల్ ఒక్కటి చాలు" అనేవాళ్లకి

"చిన్న అప్లికేషన్‌కి డేటాబేస్ దండగ, ఒక జేసన్ ఫైల్ (డేటాని మామూలు టెక్స్ట్‌గా రాసుకునేది) పెట్టుకోండి, సులువు, వేగం, కావాలంటే ఒకరు రాస్తుండగా ఇంకొకరు రాయకుండా లాక్ వేసుకోండి, పెద్దదయ్యాక మార్చుకోవచ్చు" అనే సలహా తెగ తిరుగుతోంది. ఒక్క ప్రోగ్రామే రాసుకునే డేటాకి ఇది చెల్లుతుంది. నలుగురు రాసే డేటాకి చెల్లదు.

ముందు ఆ "చిన్న" సంగతి. డేటా ఎంతుందో కాదు, దాంట్లో ఎంతమంది రాస్తున్నారో చూడాలి. ఫైలు 5 కేబీలే, అందులో 40 ఆర్డర్లున్నాయి అనుకోండి. రెండు ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రాములు) ఒకేసారి చదివి, చెరొక ఆర్డర్ కలిపి, ఫైలంతా తిరిగి రాశాయి. చివర రాసింది ముందుదాన్ని చెరిపేసింది, 42 ఉండాల్సిన చోట 41 మిగిలాయి. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ కనపడదు, నా ఆర్డర్ ఏదండీ అని కస్టమర్ అడిగేదాకా ఎవరికీ తెలియదు.

"లాక్ వేస్తే సరి" అంటారు. లైనక్స్‌లో ఫైల్‌కి లాక్ వేసే ఎఫ్‌లాక్, లాక్ అడిగినవాడినే ఆపుతుంది, రాత్రి దానంతటదే నడిచే క్రాన్ స్క్రిప్ట్ అడక్కుండా రాసేస్తే చూస్తూ ఊరుకుంటుంది. పైగా రైట్ మోడ్‌లో తెరవగానే ఫైలు ముందు ఖాళీ అవుతుంది, సరిగ్గా అప్పుడే ప్రాసెస్ పోతే మిగిలేది సున్నా బైట్లు. అందుకే తెలిసినవాళ్లు పక్కన వేరే ఫైల్‌లో రాసి, ఎఫ్‌సింక్ చేసి (డిస్క్ మీదికి నిజంగా చేరేలా చూసి), పాత ఫైల్ పేరుకి రీనేమ్ చేస్తారు. మంచిదే, కానీ లాక్‌ని ఆ డేటా ఫైల్ మీదే వేశారా, కొత్త తలనొప్పి: రీనేమ్ అయ్యాక ఆ పేరుతో ఉన్నది వేరే ఐనోడ్ (పేరు వెనక సిస్టమ్ గుర్తుపట్టే అసలు ఫైలు), ఎదురుచూస్తున్న రెండో ప్రాసెస్‌కి దొరికే లాక్ పాత ఐనోడ్‌ది, ఈలోగా మూడోది వచ్చి కొత్త ఫైల్‌ని లాక్ చేసుకుంటుంది. ఇద్దరి దగ్గరా లాక్ ఉంది, ఇద్దరూ రాస్తున్నారు! దీనికి విడిగా ఒక లాక్ ఫైల్ కావాలి. ఇంతా చేస్తే తయారయ్యేది సగం డేటాబేస్, అదీ టెస్టుల్లేనిది.

సర్వర్ గోల లేదు కాబట్టి సులువు అంటే, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కీ విడిగా నడపాల్సిన సర్వర్ లేదు కదా. 2000 నుంచీ ఉంది, డేటా అంతా ఒకే ఫైలు, పైథాన్‌లో అయితే 2006లో వచ్చిన 2.5 నుంచీ స్టాండర్డ్ లైబ్రరీలోనే ఉంది. పైన చెప్పిన ఆర్డర్ సమస్య కొత్త రికార్డు చేర్చే ఒక్క ఇన్సర్ట్ కమాండ్‌తో తీరిపోతుంది. వాల్ మోడ్ (మార్పుల్ని ముందు పక్కన విడి లాగ్‌లో రాసే పద్ధతి) పెడితే ఒకరు రాస్తుండగా మిగతావాళ్లు నిక్షేపంగా చదువుకోవచ్చు. అలాగని అన్నిటికీ అదే అనను: రాసేది ఒకసారికి ఒక్కరే, బిజీ టైమవుట్ (లాక్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పేది) పెట్టకపోతే "లాక్డ్" అని ఎర్రర్ మొహాన కొడుతుంది, నెట్‌వర్క్ డ్రైవ్ మీద వాల్ పనిచేయదు. వేర్వేరు మెషీన్ల నుంచి రాయాలంటే పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వర్ డేటాబేస్ పెట్టుకోవాల్సిందే.

వేగం? 5 కేబీ దగ్గర నిజమే. ఒక్క రికార్డు మారినా ఫైలంతా తిరగరాయాలి కాబట్టి ఫైలు పెరిగేకొద్దీ ఆ ముచ్చటా తీరుతుంది.

"తర్వాత మార్చుకోవచ్చు" అన్నది మాత్రం నాకు నవ్వు తెప్పిస్తుంది. అప్పటికి ఒక రికార్డులో ఫోన్ నంబరు స్ట్రింగ్, ఇంకోదాంట్లో నంబర్, మూడోదాంట్లో ఆ ఫీల్డే ఉండదు. కాదనేవాడు లేక ఏది రాస్తే అది లోపలికి పోయింది మరి. అదంతా శుభ్రం చేయడం ఎవరి పని?

ఫైళ్లు పనికిరావని కాదు. మనుషులు మార్చి, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టుకునే సెట్టింగులకి, చివర చేర్చుకుంటూ పోయే లాగ్‌లకి ఫైలే మేలు. యూనిక్స్‌లో యూజర్ల జాబితా ఉండే ఈటీసీ పాస్‌వర్డ్ ఫైలు ఈనాటికీ మామూలు టెక్స్టే. దాన్ని మార్చడానికి కూడా, ఇద్దరు ఒకేసారి చేయి పెట్టకుండా, ముందు లాక్ వేసి తెరిచే వీఐపీడబ్ల్యూ అనే కమాండ్ విడిగా ఉంది.