కళ్ళు మాత్రమే కనిపిస్తే నటన లేనట్టా?
'కేరాఫ్ కంచరపాలెం' సినిమాలో సలీమా పాత్రకు ముఖం సగం కప్పేసి ఉంటుంది కాబట్టి ఆ వేషం వేసిన పరుచూరి ప్రవీణకు నటించే అవకాశం దక్కలేదని ఓ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. బ్రాందీ షాపులో పనిచేసే గడ్డం అనే అతను ఆ కళ్ళు చూసే కదా మనసు పారేసుకున్నాడు! ప్రేక్షకుడు కూడా అంతే, వాటిని చూసే ఆమె ఎలాంటి మనిషో ఊహించుకోవాలి. కళ్ళు తేలిపోతే ఆ కథే నిలబడదు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, శ్రీకాకుళం జిల్లా పాతపట్నం పక్కనే. 2018లో సినిమా వచ్చినప్పుడు మా ఊరి హాల్లో చూసే భాగ్యం లేదు, తర్వాత ఫోన్లోనే చూశాం. మా పిన్ని మామూలుగా సినిమా సగంలోనే నిద్రపోతుంది. ఆ రోజు సలీమా వచ్చినప్పుడల్లా ఫోను దగ్గరకు లాక్కుని, "కళ్ళతోనే తిట్టీసిందే ఈ పిల్ల" అంది. ఒంటిని అమ్ముకునే మనిషి పాత్ర అని తెలిశాక కూడా ముఖం చిట్లించలేదు, మా ఇంట్లో అది మామూలు విషయం కాదు. ఆ సినిమాకి నిర్మాతే కాబట్టి ప్రవీణ ఆ వేషం తనే తీసుకుందన్న మాట మరీ అన్యాయం. సొంత డబ్బు పెట్టుకునేవాళ్ళు మొహం కనబడని వేషం ఏరుకుంటారా? పైగా ఆవిడ అమెరికాలో గుండె డాక్టరు, నటన బతుకుతెరువు కాదు. ఆ సినిమాలో చాలామంది విశాఖలోని కంచరపాలెం జనమే, వాళ్ళ మధ్య ఈవిడ బయటిమనిషిలా ఎక్కడా అనిపించలేదు. ఆ యాస మా ఇళ్ళలో మాట్లాడేదానికి దగ్గరే, తేడా ఉంటే మాకు ఇట్టే దొరికిపోతుంది. ఆ తర్వాత నిర్మాణం, దర్శకత్వం మీద పడి, తెర మీద తక్కువ కనిపించడం ఒక్కటే నా ఫిర్యాదు.